పాత స్నానపుతొట్టిని గూర్చి తెలుగు సంఘాల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

ఉత్తర అమెరికా తెలుగు సంఘ (తానా) అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ఈ దేశమున నగరనగరమునను వెలసిన తక్కిన తెలుగు సంఘాల పెద్దలకు నమస్కారములు.

ఆర్యులారా,

మీకు వచ్చు లేఖలలో పిల్లలకు తెలుగు నేర్పుటను గూర్చియు, నాట్యసంగీత ప్రదర్శనలను గూర్చియు, స్వగ్రామములందు కట్టదలచిన బడులను గూర్చియు విన్నపములుండుట పరిపాటి. నా విన్నపము వానికంటె మిక్కిలి చిన్నదిగా తోచు విషయమును గూర్చినది. ఈ దేశమున మనవారు కొనుక్కొన్న యిండ్లలో, అందును ముప్పది నలువది సంవత్సరముల క్రిందట కట్టిన యిండ్లలో, స్నానాలగదిని సగమాక్రమించియుండు పాత బాత్‌టబ్బును, దానితో ఏకశరీరముగా గోడలపైదాక లేచియుండు షవరు భాగమును ఉంచుకొనవలెనా, తీసివేయవలెనా అన్నదే ఆ విషయము. ఈ ప్రశ్నను మనవారు ప్లంబరు నడిగి, ఇండ్ల బేరములు కుదుర్చు రియల్టరు నడిగి, అంగళ్లలోని రంగురంగుల బొమ్మలు చూచి తేల్చుకొనుచున్నారు. ఆ తొట్టిలో నిత్యము స్నానము చేయవలసిన తల్లిని, తండ్రిని, అత్తగారిని, మామగారిని అడిగి తేల్చుకొనువారు అరుదు. ఎవరి శరీరము ఆ తొట్టి అంచును దాటవలసియున్నదో వారి మాట చివరకు వచ్చుటయో, అసలు రాకపోవుటయో జరుగుచున్నది. ఇది ఒక్క యింటి సంగతి కాక మనయందరి సంగతి యైనదని నమ్మి మీకు బహిరంగముగా వ్రాయుచున్నాను.

ముందుగా ఆ వస్తువు స్వరూపమును చూతము. విస్కాన్సిన్ రాష్ట్రమున జాన్ మైకేల్ కోలర్ అను పారిశ్రామికుడు 1883లో పశువులు నీరు త్రాగు ఇనుపతొట్టికి ఎనామెలు పూత పూయించి, కాళ్లు తగిలించినచో స్నానమునకును పనికివచ్చునని అమ్మెననియు, కొన్న రైతు దాని వెలగా ఒక ఆవును, పదునాలుగు కోళ్లను ఇచ్చెననియు ఆ సంస్థవారు నేటికిని చెప్పుకొందురు. ఆ పోత యినుప తొట్లు మూడువందల పౌనులకు మించిన బరువు గలవి, తరతరములు నిలుచునవి. తరువాతి కాలమున ఫైబర్‌గ్లాసు వచ్చినది. తొట్టియు, దాని మూడుప్రక్కల గోడలును ఒకే ముక్కగా పోతపోసి, ఇల్లు కట్టుచున్నప్పుడే, గోడలకు పలకలు బిగింపకమునుపే, దానిని లోపల నిలిపివేయుదురు. కనుక అది తలుపుగుండ లోనికి వచ్చినదియు కాదు, తలుపుగుండ వెలికి పోగలదియు కాదు. తీయదలచినచో రంపముతో కోసి ముక్కలుచేసి మోసికొని పోవలసినదే. పొడవు 5 అడుగులు, వెడల్పు 30 లేక 32 అంగుళములు, దాటవలసిన అంచు 14 మొదలు 20 అంగుళముల ఎత్తు. ఈ కొలతలు దేశమంతటను దాదాపు ఒక్కతీరుగనే యుండును. కార్నెల్ విశ్వవిద్యాలయమున గృహనిర్మాణ శాస్త్రాచార్యుడైన అలెగ్జాండర్ కీరా సంవత్సరముల తరబడి పరిశోధించి, స్నానాలగదిని గూర్చియే 1966లో ఒక ఉద్గ్రంథమును ప్రకటించెను. ఈ గదిలోని పరికరములు మానవదేహపు కదలికలను పరిగణించి చేసినవి కావనుటయే ఆ గ్రంథమునకు ప్రాణము. అమెరికను దేహమునకే పొసగని వస్తువు మన స్నానమునకు ఎట్లు పొసగునో విచారింపవలసి యున్నది.

మన యిండ్లలో నీళ్లగది యనగా నేల ఒకవైపునకు వాలుగా నుండి, మూలను తూము గల గది. వేన్నీళ్లలో చన్నీళ్లు కలిపిన బకెట్టు ఎదుట పెట్టుకొని, పీటమీద కూర్చుండి, చెంబుతో ముంచి పోసికొనుట మనవారి స్నానము. కూర్చున్నవారికి కాలు జారుటన్నది లేదు. నీరు గది నాలుగుమూలల చిందినను చింత లేదు, ఎక్కడ పడినను తూమునకే చేరును. ఈ దేశపు స్నానాలగదిలో తొట్టికి వెలుపల నేలకు తూము లేదు. చెంబెడు నీరు బయట చిందినచో అది నేలలోనికి ఇంకి, క్రింది అంతస్తు కప్పుమీద మరకయై తేలును. అందుచేత స్వదేశమునుండి వచ్చిన పెద్దలు, కొడుకునకో కోడలికో శ్రమ కలుగరాదని, బకెట్టును తొట్టిలోనికే దింపుకొని, అడుగుభాగము ఇరుకై ఒంపుతిరిగి యుండుటచే పీట నిలువక, నిలుచుండియే నడుము వంచి ముంచి పోసికొందురు. మన తల్లులు అనేకులు స్నానసమయమున చీరయో, పాత వస్త్రమో ఒంటికి చుట్టుకొనియే యుందురు. ఆ తడిగుడ్డ కాళ్లకు చుట్టుకొనియుండగా మోకాలెత్తు అంచును దాటి, నున్నని టైలుమీద అడుగు మోపవలెను. ఆ క్షణమున చేతికి దొరకునది షవరు తెర యొక్కటే. అది మనిషి బరువును ఆపదు.

పండుగనాటి తలంటును గూర్చి వేరుగా చెప్పవలెను. నరకచతుర్దశినాడును, భోగినాడును, ఉగాదినాడును అభ్యంగనము మానుకొనుమని డెబ్బదియేండ్ల తల్లికి ఎవరు చెప్పగలరు? చెప్పనక్కరయు లేదు. కాని నువ్వులనూనె ఓడుచున్న పాదములకు ఫైబర్‌గ్లాసు అడుగు ఎంతటి శత్రువో, దానిపై సున్నిపిండి కలిసిన నీరు నిలిచినప్పుడు ఎంతగా జారునో అనుభవించినవారికి తెలియును. ఆ పిండియు నూనెయు గొట్టపు వంపులో పేరుకొని నీటిని మెల్లగా పోనిచ్చుటచే, కాళ్లు చీలమండలదాక ఆ జిడ్డునీటిలోనే నిలిచియుండును. మన ఆచారములో దోషము లేదు. ఆ ఆచారమునకు పీఠమైన నేల ఇక్కడ లేదు. లోపమంతయు అందుననే యున్నది.

ఇది ఊహామాత్రమైన భయము కాదు. అమెరికా ప్రభుత్వపు వ్యాధినియంత్రణ కేంద్రమువారు 2011లో ప్రకటించిన లెక్క ప్రకారము, 2008వ సంవత్సరమొక్కదాననే 15 ఏండ్లు దాటినవారిలో సుమారు 2,34,000 మంది స్నానాలగదులలో గాయపడి ఆసుపత్రుల అత్యవసర విభాగములకు చేరిరి; అందు నూటికి 81 మంది పడుటవలన గాయపడినవారే, వయస్సుతోపాటు ఆ ప్రమాదము హెచ్చుచు వచ్చినది. 65 ఏండ్లు దాటినవారిలో ప్రతి నలుగురియందు ఒకరికి మించి ఏటేట ఎక్కడనో ఒకచోట పడుచున్నారని అదే సంస్థ చెప్పుచున్నది. వృద్ధులకే గాదు, దృఢకాయులకును ఈ గది నిర్దాక్షిణ్యమైనదే. 1962 ఫిబ్రవరిలో భూగోళమును చుట్టివచ్చిన మొదటి అమెరికనుడు జాన్ గ్లెన్ రెండేండ్లకు, ఒహాయోలో సెనేటు పదవికై పోటీకి దిగియుండగా, కొలంబస్ నగరమున స్నానాలగది యద్దమును సవరించుచు కాలుజారి, తల తొట్టికి తగులుటచే లోచెవికి దెబ్బతగిలి, నిలుచుటకే శక్తిచాలక, ఆ పోటీనుండి విరమింపవలసి వచ్చినది. అప్పటికాయన వయస్సు 42. అంతరిక్షయానమున చెదరని దేహము ఆ తొట్టి అంచునకు చెదరినది. ఆయన సెనేటునకు ఎన్నికగుట పిమ్మట పదియేండ్లకు, 1974లో, గాని సాధ్యపడలేదు.

తొట్టిని తీసివేయుదమని యెవరైన అన్నంతనే వచ్చు మొదటి యాక్షేపణ ఇల్లమ్ముకొనునాటి ధరను గూర్చినది. ఇంటియందు ఒక్క తొట్టియైన లేకున్నచో చిన్నపిల్లలున్న కుటుంబములు కొనవని రియల్టర్లు చెప్పుదురు. రెండుమూడు స్నానాలగదులున్న యింట ఒకదానిలో తొట్టి నుంచుట సబబే, నేనును కాదనను. మా యింటను పైయంతస్తున పోత యినుప తొట్టి గట్టిగా నున్నది గనుక దానిని కదపక, పెద్దవారు వాడు క్రింది యంతస్తు గదిలోనిదానినే తీయించితిమి. కాని ఒకటి రెండు దశాబ్దములు కాపురముండబోవు ఇంటిని ఎవరో ముక్కుమొగమెఱుగని భావి క్రేతకై అలంకరించి, నేడు ఇంటనున్న తండ్రిచేత ఆ యంచును దినదినము దాటించుట ధర్మము కాదని నా నిశ్చితాభిప్రాయము.

ఇక పసిబిడ్డల మాట. బిడ్డకు నీళ్లుపోయుటకు తొట్టి కావలెననుట ఈ దేశీయుల అలవాటునకు సరిపోవు వాదము. మన అమ్మమ్మలు, నాయనమ్మలు నేలమీద కాళ్లుచాచి కూర్చుండి, బిడ్డను బోరగిలగను వెల్లకిలగను కాళ్లపై పరుండబెట్టుకొని, నూనెరాచి, చెంబుతో ధార పోయుదురు. దానికి కావలసినది అంచులేని, వాలైన, విశాలమైన నేలయే గాని తొట్టి కాదు. పురుడుపోయుటకై సముద్రములు దాటి వచ్చిన తల్లి, కాళ్లుచాచుటకు చోటులేక, తొట్టి వెలుపల మోకాళ్లపై నిలిచి, అంచుమీద రొమ్మానించి, లోపలికి వంగి బిడ్డకు నీళ్లుపోయుట నేను పెక్కు ఇండ్లలో చూచితిని. సమతలమైన షవరుగది కట్టుకొనినచో మన నీళ్లగదియే మరల మన యింటికి వచ్చును. పెద్దల స్నానమునకును, బిడ్డల స్నానమునకును, తలంటునకును అది యొక్కటే చాలును.

అట్లని ప్రతి పాత తొట్టిని పగులగొట్టుడని నా మాట కాదు. తొట్టి అడుగు కాలిక్రింద కుంగక, పగుళ్లు లేక, టైలు వెనుకగోడ మెత్తబడక, క్రింది కప్పున మరక లేక, వాడువారు యౌవనవంతులై యుండినచో దానిని కదలింప నక్కరలేదు. రూపము చెడినదని మాత్రమే తోచినచో పైపూత వేయించు పద్ధతియొకటి కలదు. అది కొన్ని సంవత్సరములు నిలుచును, అంచు ఎత్తును మాత్రము ఒక్క అంగుళమైనను తగ్గింపదు. ఆ పని చేయించువారు ఒక సంగతి నెఱిగి యుండవలెను: పాత పూతను గీకుటకు వాడుచు వచ్చిన మిథిలీన్ క్లోరైడు ఆవిరి సోకి, గాలి చొరని ఆ యిరుకుగదులలో 2000 మొదలు 2011 వరకు కనీసము 13 మంది పనివారు ప్రాణములు కోల్పోయిరి, ఇంటియజమానుల వాడుకకై దానిని అమ్ముటను ప్రభుత్వము 2019లో నిషేధించినది. పాతతొట్టిపై ఆక్రిలికు తొడుగు వేయుట మరియొక పద్ధతి. దాని క్రిందికి నీరు చేరినచో ఆ తడి బయటికి కానరాక లోలోపల కుళ్లు పుట్టించును. పైగా తొడుగు వేసిన తొట్టి మునుపటికంటె ఇరుకగును. అంచులో ఒకభాగమును కోసి అడుగుపెట్టు దారి చేయుట తక్కువ వ్యయముతో కొంత మేలు చేయు పని; అద్దెయిండ్లకును, అతిథులుగా వచ్చు తల్లిదండ్రులకును, రెండు కాళ్లు తొట్టికి వెలుపల నుండునట్టిదియు, కూర్చుండి లోనికి జరుగుటకు వీలగునదియు నైన బల్లయే చాలవచ్చును. ప్రక్కన తలుపుగల ఎత్తైన తొట్టిని వృద్ధులకొఱకని విరివిగా ప్రకటించుచుందురు. దానిలోనికి దిగి తలుపు బిగించుకొన్న పిదప నీరు నిండువరకును, స్నానమైన పిదప నీరంతయు పోవువరకును ఆ తడిదేహముతో కూర్చుండవలెను. చలికాలమున డెబ్బదియైదేండ్ల వారికి అది నేను సలహాయీయను.

పెద్దలు స్థిరముగ నుండు ఇంట, వారు పండుకొను అంతస్తున, తొట్టిని తీసి సమతలమైన షవరును కట్టించుటయే ఉత్తమమని నా నిర్ణయము. ఇందొక అనుకూలత కలదు: వికలాంగుల సౌకర్యార్థము ఏర్పడిన అమెరికను ప్రమాణములలో చక్రముల కుర్చీతోడనే లోనికి పోదగిన షవరునకు చెప్పిన కనీసపు కొలత 30 అంగుళములు, 60 అంగుళములు, అనగా పాతతొట్టి ఆక్రమించిన చోటే సరిగా చాలును, గోడను జరుపనక్కరలేదు. అయితే గోడ తెరచిన దినమున చేయింపవలసిన పనులను మరువరాదు. తొట్టికి ఒకటిన్నర అంగుళపు గొట్టముండును. కాలిఫోర్నియా మొదలగు రాష్ట్రములు షవరునకు రెండంగుళముల గొట్టము కావలెననును, కావున క్రింద కాంక్రీటు పలకగల ఇండ్లలో దానిని పగులగొట్టవలసి యుండును. పాత కుళాయి వాల్వులలో, ఇంటిలో నెవరైన మరుగుదొడ్డి నీరు వదలినంతనే చన్నీరు తగ్గి వేన్నీరు ముంచుకొనివచ్చును; వేడిని సమతూకముగ నుంచు వాల్వును అప్పుడే మార్పింపవలెను. నీటి హీటరును 120 డిగ్రీల ఫారన్‌హీటునకు మించనీయరాదని వినియోగవస్తు రక్షణ సంఘము చెప్పుచున్నది. 140 డిగ్రీల నీరు కొద్ది సెకనులలోనే చర్మమును లోతుగా కాల్చివేయును.

అన్నిటికంటె ముఖ్యమైనది గోడలోపలి కొయ్యదిమ్మ. చేతిపట్టు కడ్డీ 250 పౌనుల బరువును ఆపవలెను. జిప్సము పలకకు మేకు కొట్టినచో అది ఆగదు, తువ్వాలు వేలాడదీయు కడ్డీయు ఆగదు, గాలిపట్టుతో అంటించు రబ్బరుపిడి అసలే ఆగదు. ఒకేముక్కగా పోతపోసిన ఫైబర్‌గ్లాసు గోడకును దాని వెనుకనున్న కొయ్యనిట్రాటకును నడుమ ఖాళీ యుండును గనుక, ఆ పాత గోడకు కడ్డీ బిగించుట కష్టము. తొట్టిని ఉంచుకొనుటకు ప్రతికూలమైన బలమైన హేతువులలో ఇదియొకటి. గోడ తెరచియుండగా దిమ్మ వేయించుటకు అయ్యెడి వ్యయము అల్పము, మూసిన పిదప అదే పెద్దపని. 1988 నాటి గృహవసతి చట్టసవరణ ప్రకారము, 1991 మార్చి 13 తరువాత తొలిసారి నివాసమునకు వచ్చిన, నాలుగు లేక అంతకుమించిన వాటాలుగల భవనములలో ఆ చట్టపరిధికి వచ్చు వాటాల స్నానాలగది గోడలకు ఈ బలిమి చేయవలెను. విడి యిండ్లకు ఆ నియమము లేదు. కాలిఫోర్నియా రాష్ట్రము 2024 జులై 1 నుండి క్రొత్తగా కట్టు విడి యిండ్లలోను కనీసము ఒక స్నానాలగదికి దీనిని విధించినది. అట్టి నియమము లేని రాష్ట్రములందలి మనవారు క్రొత్త యిల్లు కట్టించుకొనునప్పుడు తామే అడిగి వేయించుకొనవలెను.

వ్యయభారమును గూర్చి మనవారికి కొన్ని భ్రమలున్నవి. ప్రభుత్వపు ఆరోగ్యబీమా యగు సాంప్రదాయిక మెడికేరు చేతిపట్టు కడ్డీని వైద్యసాధనముగ నంగీకరింపదు, స్నానపు కుర్చీని సౌకర్యవస్తువుగ మాత్రమే తలచును. గ్రీనుకార్డుపై వచ్చిన తల్లిదండ్రులు ఉద్యోగచరిత్ర లేనివారైనచో ఐదేండ్లు అవిచ్ఛిన్నముగ నివసించినగాని ఆ మెడికేరునకైనను రుసుము చెల్లించి చేరజాలరు. సందర్శకులుగ వచ్చినవారికి అసలే లేదు. తుంటియెముక విరిగినచో ఆసుపత్రి బిల్లు సందర్శకుల బీమా పరిమితిని దాటి, కొడుకు సంపాదనమీదను, తల్లి మనస్సుమీదను పడును. కడ్డీలు, వాలుదారులు మొదలగువాని ఖర్చును వైద్యవ్యయముగ పన్నులలో చూపుకొనుటకు ఆదాయపు పన్ను శాఖ అనుమతించును గాని, ఆదాయములో నూటికి ఏడున్నర వంతును దాటిన భాగమునకే ఆ లాభము. ఒక్కరోజులో కొత్త స్నానాలగది యని ఇంటికివచ్చి, ఈ రాత్రియే సంతకము చేసినచో సగము ధర యని తొందరపెట్టువారికి లోబడరాదు. ఇంటియొద్ద కుదిరిన అట్టి ఒప్పందమును మూడవ పనిదినము అర్ధరాత్రిలోగా రద్దుచేసికొను హక్కును కేంద్ర వాణిజ్య సంఘపు నియమము కొనుగోలుదారునకు ఇచ్చియున్నది. ఈ సంగతి తెలిసిన మనవారు కొద్దిమంది.

ఇప్పుడు మీయందు నా ప్రార్థన. ఆపద జరిగిన పిమ్మట మన సంఘములు చేయు సేవ నేనెఱుగుదును. తానావారి టీమ్ స్క్వేరు బృందము దుఃఖములో మునిగిన కుటుంబములకు అండగ నిలుచుట అందరు మెచ్చవలసిన పని. అదే శ్రద్ధను ఆపద జరుగకమునుపు చూపుడని కోరుచున్నాను. మనలో ఇంజనీరులకు కొదువలేదు, ఫిజియోథెరపిస్టులకు, ఆక్యుపేషనల్ థెరపిస్టులకు కొదువలేదు, ఇండ్ల మరమ్మతుల వృత్తిలోనున్న తెలుగువారును కలరు. వీరిని కూర్చి, తల్లిదండ్రులు విమానము దిగుటకు నెలరోజుల ముందే ఇంటికి వచ్చి ఆ గదిని చూచి, ఉంచవచ్చునో తీయవలెనో ఉన్నది ఉన్నట్లు చెప్పిపోవు బృందమును ప్రతి నగరశాఖయు ఏర్పరచవలెను. ఆ చెప్పువారికి అమ్ముకొనవలసిన సరుకేదియు నుండరాదు. రెండేండ్లకొకసారి జరుగు తానా మహాసభలో నగల అంగళ్లకును, స్థలముల అంగళ్లకును నడుమ ఒక్క అంగడి చోటు దీనికి కేటాయించి, పాతతొట్టి అంచును, సమతలమైన షవరును, సరిగా బిగించిన కడ్డీని ప్రక్కప్రక్కన నిలిపి, వచ్చిన పెద్దలనే వానిని వాడి చూడనీయవలెను. వారికి తెలియు తెలుగులో, వారు చదువగల అక్షరముల పరిమాణములో, ఒక చిన్న పుస్తకము అచ్చువేయవలెను. కాలిఫోర్నియా చేసిన నియమము వంటిది తమ రాష్ట్రమునను రావలెనని ఓటుహక్కుగల మనవారిచేత శాసనసభ్యులకు వ్రాయింపవలెను.

దీనికి పెద్ద నిధి అక్కరలేదు. రాబోవు దీపావళి తలంటునకు ముందుగనే ఈ బృందములు పని ప్రారంభించునట్లు, మీ తదుపరి కార్యవర్గ సమావేశపు చర్చనీయాంశములలో దీనిని చేర్పుడని మిమ్ములను ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
న్యూజెర్సీ రాష్ట్రవాసియగు ఒక తెలుగు గృహస్థు